దూది

ఏడో నెలలో గుర్రమెక్కి వచ్చింది ఖహ్లిసో.
రెండు కొండలు, ఒక వాగు, మోకాలి లోతు మంచు.
తడిసిన కంబళి విప్పకుండానే అడిగింది:
"నర్సమ్మా, కాస్త దూది ఇస్తావా?"

గాయానికి కాదు.
మాత్రల సీసాకి.
గుర్రం అడుగేసినప్పుడల్లా గలగలమంటుందట,
ఇంట్లో అత్తవి పాము చెవులట.

మొఖోట్లాంగ్ ఆసుపత్రిలో పదకొండేళ్లుగా
నేను చేసే వైద్యంలో సగం ఇదే:
సీసా మెడ దాకా దూది కుక్కి
చప్పుడు చంపడం.

మిగతా సగం రిజిస్టర్లో ఉంటుంది.
బరువు, బీపీ.
పొట్ట మీద గొట్టం ఆనించి విన్నాను,
తడి నేల మీద గొర్రెపిల్ల పరుగు.
రక్తంలో వైరస్ లెక్కకందనంత తగ్గిందని
కాగితం చదివి వినిపించాను.
మళ్ళీ చదవమంది.
"ఈసారి నాకు కాదు, లోపలున్న వాళ్లకి."

ఆ గురువారమే, పొద్దు వాలాక,
ఇంకో వరుసలో ఇంకో కంబళి.
మాఖోట్సో. గనిలో పనిచేసే కొడుకు తల్లి,
ఖహ్లిసోకి అత్త.
మాట లేకుండా సీసా మూత తిప్పి
నా ముందుకు తోసింది.
అదే మందు.
అదే చుట్టలోంచి దూది తుంచాను.

ఒకే కప్పు కింద రెండు సీసాలు,
పిండి డబ్బాలో ఒకటి, చూరులో ఒకటి,
రెండూ మూగవి.
దీపం ఆర్పాక
ఒకరికి తెలీకుండా ఒకరు మింగుతారు.
నాకు తెలుసు. చెప్పకూడదు.
నా నోట్లోనూ దూదే.

కరెంటు లేని రాత్రి,
నొసటికి లైటు కట్టుకుని పురుడు పోశాను.
ఆడపిల్ల.
తుడిచి, తల్లి రొమ్ముకు ఆనించి,
చెంపలోకి సిరంజితో తొలి మందు.
ఎంత కోపమో ఆ ముఖంలో!
నవ్వొచ్చింది నాకు, ఆ రాత్రంతటికీ అదొక్కసారే.

ఆరు వారాలకు ముగ్గురూ వచ్చారు.
పిల్ల నాయనమ్మ వీపున.
మడమ గుచ్చి, అట్ట మీది వలయాల్లో
ఒక్కో చుక్కా నింపుతుంటే
పాదం పట్టుకున్నది కోడలు కాదు.
"అంత నొక్కకు, వదిలి వదిలి నొక్కు,"
నాకే నేర్పింది అత్త.

ఎవరు ముందు నోరు విప్పారో
నన్నడగకండి.
ఫలితం ఇంకా రాలేదు,
మోటారు సైకిలు కొండ దిగి, మళ్ళీ ఎక్కి రావాలి.

కొత్త సీసాలు రెండు బల్ల మీద పెట్టి
అలవాటుగా దూది చుట్ట తీశాను.
మాఖోట్సో నా చేయి పక్కకు జరిపి
రెండిటినీ ఒకే సంచిలో వేసింది.

గుర్రం గేటు దాటేదాకా
గలగల.
ఆ తర్వాత గాలి.