బెజ్జం లేని చోట

యాడికి నుంచి అనంతపురానికి మొదటి బస్సు.
డాక్టరమ్మ మెల్లగా చెప్పింది:
ఒక జీనుందంట. తక్కిన జీన్లను
గమ్మునుండమనడమే దాని పని.
మా చౌడేశ్వరిలో అది చెడిపోయిందంట.

నాకు జకార్డు అట్టలు తెలుసు.
బెజ్జం లేని చోట పోగు లేవదు.
లేవని పోగుల పుణ్యానే
అంచులో హంస నిలబడేది.
అన్నీ ఒకేసారి లేస్తే
అది చీర కాదు, చిక్కు.

ఏడాదిన్నరకు నాయినా అనింది. అంతే.
ఇప్పుడు ఏడేండ్లు. పొద్దంతా
చేతులు పిసుక్కుంటాది,
కనపడని పట్టు పేనినట్టు.
మూగదంటారు వీధిలో.
కాదు,
లోపల అంత రొద.

తిరుగు బస్సులో కండక్టరు: యాడికి?
యాడికికే.
ఈ పాత జోకుకు ఎవరూ నవ్వరు,
ప్రతిసారీ
మా బిడ్డ తప్ప.