తొమ్మిదో లెక్క

పరంగిమల కింద, పంక్చర్ షాపు గోడలో
ఇరుక్కుపోయిన తెల్లరాయి.
పేర్లు లేవు, లెక్క ఉంది:
ఈ పేట నుంచి యుద్ధానికి పోయినవాళ్ళు నలభై ఒకరు,
రానివాళ్ళు తొమ్మిది.

అవ్వ ఎనిమిది ఇళ్ళ పేర్లు చెప్పి
ఆగిపోయేది.

మా చెంగల్రాయుడు తుపాకి తగిలి పోలేదు.
బస్రాలో కంచరగాడిదలకు నీళ్ళు మోస్తూ
విరేచనాలు పట్టి పోయాడు.
అది రాతికెక్కే చావేనా అని
మా ఇంట్లో ఇప్పటికీ తగువే.
పింఛను కాగితమైతే వచ్చింది,
ఇంటిపేరు తప్పుతో.

జబ్బార్ తన నీళ్ళతొట్టిని
ఆ రాతికే ఆనించి పెడతాడు.
అంకె మీద పాచి.
కొంగుతో తుడుస్తుంటే
పక్కన ట్యూబు ముంచి తిప్పుతున్నాడు,
బుడగ కోసం చూస్తూ.

"ఎక్కడో పోతోందమ్మా గాలి,
చిల్లే దొరకడం లేదు."