తిరగపొర్లు

ఇది మూడోసారి.
వెలిగండ్ల రోడ్డు మీద మోపెడ్ వెనక నత్రజని డబ్బా
గుంట వచ్చినప్పుడల్లా తెల్లగా పొగ కక్కుతుంది.

మాలకొండమ్మ ఆవు మళ్లీ పొర్లింది.
"దీని తల్లి ఏడాదికో ఈత, అమ్మమ్మ పదకొండు ఈతలు.
రక్తంలో వంక లేదయ్యా ఖాజావలీ,
నీ స్ట్రాలోనే ఏదో తేడా."

స్ట్రాలో ఒక ఆబోతు ఉంది.
ఎక్కడ మేస్తుందో నాకూ తెలియదు,
నంబరు మాత్రం తెలుసు.

కనిగిరి డాక్టరు లెక్కే అప్పజెప్పాను:
చూడి నిలవడంలో రక్తం వాటా
రూపాయిలో అణా అయినా ఉండదంట.
మిగతాదంతా
ఈ రేకుల కొట్టానిది, బోరు నీళ్ల చవుడుది,
మే నెలది,
అప్పు చేసి కొన్న ఎండు చొప్పది.

ఆమె ఏమీ అనలేదు.
మర్నాడు ఆవును రేకుల కింద నుంచి విప్పి
పొగాకు బ్యారన్ ఉత్తరపు గోడ నీడకు మార్చింది.
తవుడులో గుప్పెడు లవణాల పొడి.

ఎండాకాలపు ఎద అరవదు.
తెల్లారుజామున తోక కాస్త పక్కకు పెడుతుంది, అంతే.
అది చూడ్డానికి
నులకమంచం అక్కడే వేసుకుంది,
పంతొమ్మిది రాత్రులు.

నాలుగింటికి ఫోను. "రా."

మూడు నెలలకి చెయ్యి పెట్టి చూశాను.
లోపల సంచిలో నీళ్లు కదిలాయి.

నా పుస్తకంలో ఆబోతు నంబరుకు గడి ఉంది,
ఆవు చెవిపోగు నంబరుకు గడి ఉంది.
నులకమంచానికి లేదు.

"పెయ్యా, కోడెదూడా?" అంటోంది మాలకొండమ్మ
నా మోచేతి దాకా సబ్బునీళ్లు పోస్తూ.