ప్లస్ ఎర్త్ బండి

పైకప్పు లేని బండికి వైపరెందుకని
నవ్వాను ముందు.
ఎనిమిది మూలల బిళ్ళ ముక్కు మీద,
పచ్చరంగు పోయి తుప్పురంగు,
టాపు ఉండాల్సిన చోట
మూడు గోనెసంచులు విప్పి కుట్టిన గుడ్డ.
తవిటయ్య దిగలేదు. తలుపు లోపల్నుంచి రాదట.
"మనం తడిసినా పర్నేదు గవిరేసూ,
ముందు దారి అవుపడాలి" అన్నాడు.

గోనె మిల్లు మూసేసిననాడు
కాటా గుమస్తాకి రావాల్సిన డబ్బు రాలేదు.
మేనేజరు వదిలేసిన కారు వచ్చింది.
అప్పటికే రెండు టైర్లు లేవు.

కంటోన్మెంట్ రోడ్డులో నా కొట్టు,
ఆటోలు, లారీలు, పెళ్ళి ఊరేగింపు జనరేటర్లు.
బాడీ అంటే మైనస్, ఇరవై ఏళ్ళుగా చేతికి తెలిసిన మాట.
మీటరు పెట్టాను.
మైనస్ పన్నెండు.
తీగలు మార్చి పట్టుకున్నానేమో అని చూసుకున్నాను.
లేదు. మళ్ళీ మైనస్ పన్నెండే,
చిట్టాలో ఎవరో బాకీ రాసినట్టు.

అప్పుడు గుర్తొచ్చాడు మా మస్తాన్ సాయిబు.
"పాత సీమబండ్లు కొన్ని తిరగలి మనుషుల్రా,
వాటికి నేలే ప్లస్సు.
స్విచ్చి కరెంటు ఇస్తాదనుకోకు,
నేలకి పోయే దారిస్తాది, అంతే."
అప్పుడు నాకు పదహారేళ్ళు,
టీ తేవడానికి వెళ్ళే తొందరలో విన్నాను.

సీటు మీద వీపు, స్టీరింగు కింద తల,
కాళ్ళు రోడ్డు మీద.
స్విచ్చి ఊడదీస్తే
వేలిగోరంత రాగినాలుక, చిలుము పట్టి.
ఎదురుగా ఉన్న టిఫిన్ బండి సింహాచలమమ్మ దగ్గర
చింతపండు అడిగి రుద్దాను,
కడిగి, ఊది, ఎండలో పెట్టాను.
ఎర్రగా తేలింది.

తీగలకి ఒకప్పుడు రంగులుండేవి కాబోలు.
ఇప్పుడన్నీ గోనె రంగే.
ఒక్కొక్కటే లాగి, గిల్లి, ఎటు పోతోందో అడుగుతూ పోతే
వెనకాల ఒకచోట అతుకు,
టేపు కాదు, టంకం కాదు,
నూనె పట్టిన జనపదారంతో
వరసగా, బిగువుగా చుట్టి చిన్న ముడి.
ఇంత అందమైన అతుకు నేను వెయ్యలేదు ఎప్పుడూ.

"అది మా నీలమ్మ ఏసింది," అన్నాడు పైనుంచి.
"వైండింగు సెక్షన్ కదా.
నూలు తెగితే రెండేళ్ళతో ముడేసీసేది,
మిషను ఆగీది కాదు."
ఇప్పుడేం చేస్తోంది అని అడిగాను.
"ఇంటికాడే. మిల్లు హోరుకి సెవులు పోనాయి.
సీరియల్ బొమ్మలు సూస్తాది."

కటింగ్ ప్లేయరు ఆ ముడి మీద పెట్టి
తీసేశాను.
పక్కనుంచే కొత్త తీగ లాగాను, నల్లది,
బాడీ దాకా గీకి, మెరిసేదాకా గీకి, నట్టు బిగించాను.
పాత అతుకు అలాగే వేలాడుతోంది
పనేమీ లేకుండా.

నొక్కు, అన్నాను.
ఒక దగ్గు. ఒక వణుకు.
ఎండిన రబ్బరు ఎండిన అద్దాన్ని
కిర్రుమంటూ గీరింది.
టిఫిన్ బండి దగ్గర ప్లేటు పట్టుకున్నవాళ్ళంతా ఇటు తిరిగారు.
మగ్గులో నీళ్ళు తెచ్చి నేనే కొట్టాను, వానలాగా.

ఆపమన్నాను. ఆగింది,
అద్దం మధ్యలో, నిటారుగా.
పక్కకి పడుకోదు, ఆ ఏర్పాటు ఈ మోడల్లో లేదు,
చేత్తో పడుకోబెట్టాలి అన్నాను.
"ఒగ్గీయి బాబూ," అన్నాడు తవిటయ్య,
"మిల్లూ అలాగే ఆగింది,
మగ్గం మీద సగం సంచి."
ఇంకేదో అనబోయి, జేబు తడుముకున్నాడు.

మూడొందలు చెప్పాను. రెండొందలున్నాయి.
తోసి స్టార్టు చేశాం, నేనూ, ఇద్దరు ఆటోవాళ్ళూ.
మబ్బు లేదు, తుపాను కబురూ లేదు.
వైపరు వేసుకునే పోయాడు
గంటస్తంభం వైపు, కిర్రు కిర్రుమంటూ,
గోనెటాపు గాలికి పొంగుతూ.

కొట్లోకొచ్చి పుస్తకంలో రాశాను:
తవిటయ్య, సీమబండి, మైనస్ వంద.
చేతికింకా చింతపండు వాసన.