గాలయ్య ముక్కు

జీడిమెట్లలో రాత్రి రెండున్నరకి
గాలి మారుతుంది.
చింతల్ వైపు ఎవరో నిద్రలోనే లేచి
కిటికీ మూసి మళ్లీ పడుకుంటారు.

నేను వెళ్లింది అమ్మోనియా లైను వెంట
గాజుపోగు బిగించడానికి.
వెంట్రుకంత సన్నం, నూట నలభై మీటర్లు.
మధ్యమధ్య రెండు వేళ్ల మేర
పైతొడుగు ఒలిచి రంగు పూసిన చోట్లు,
లోపల పారే వెలుతురికి ఒంటిమీద బట్ట లేని చోట్లు.
విషం వచ్చి తాకితే
అక్కడ కాస్త వెలుతురు తరుగుతుంది.
అంతే దాని భాష.
అరిచేది గోడమీది పెట్టె.
పోగు మాత్రం తగ్గి చెబుతుంది.

నిచ్చెన పట్టుకున్నది గాలయ్య.
ముప్పై ఒక్క ఏళ్లు ఈ షెడ్డుకి ఆయన ముక్కే మీటరు.
ఫ్లాంజి దగ్గర వంగి ఒక్క పీల్పు పీల్చి
"వాషర్ పోయింది, పొద్దుగాల దాంక ఆగది" అనేవాడట.
ఆగేది కాదట.

"ఇప్పుడేం తెలుస్తలేదు సార్.
తాలింపు మాడినా తెలుస్తలేదు.
వాసన సబ్బు కొంటే పైసలు దండుగ."
బోల్టులు చేతికందిస్తూ చెప్పాడు,
బస్సు తప్పిపోయిందని చెప్పినట్టు.

కాసేపాగి అడిగాడు:
"గాజుకు గూడ గట్లనే అయితదా, రోజూ పీలిస్తే?"
అవుతుంది. పూసిన రంగు అలిసిపోతుంది.
ఏడాదిన్నరకి మార్చాలని
పుస్తకంలో ఒక పేజీ ఉంది.
ఆ పేజీ తీయమన్నాడు. తెలుగులో చెప్పాను.
"అయితే మారుస్తరన్నట్టు" అన్నాడు,
వేలు ఇంకా ఆ పేజీ మీదే ఉంచి.

పరీక్షకి దూదిని మందులో ముంచి పోగు దగ్గర పెట్టాను.
తెరమీది గీత
మెట్టు దిగిన మనిషిలా చటుక్కున పడింది,
మెల్లగా లేచింది.
గాలయ్య పాత అలవాటున దూది మీదికి వంగాడు.
ముక్కు కదల్లేదు.
కళ్ల వెంట బొటబొటా నీళ్లు.
"కండ్లకు ఎరుకే ఇంకా" అని నవ్వాడు.

తెల్లారుతుంటే ఫారం నింపాను.
మీటరు నంబరు, తేదీ, పోగు పొడవు.
కింద ఒక గడి:
తొలగించిన పాత పరికరం.
లేదు, అని రాశాను.
సాక్షి సంతకం దగ్గర
ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ ఆయన రాశాడు
గా
ల
య్య