ఆరుతో హెచ్చవేయాలి

నారిన్‌లో మా బడి జిమ్‌కి
ఐదు కిటికీ అద్దాలు పోతే ప్లాస్టిక్ పట్టా కొట్టారు.
గాలి వీచినప్పుడల్లా అది లోపలికీ బయటికీ ఊగుతుంది,
ఆ గదిలో అందరికంటే బాగా
ఊపిరి తీసేది అదే.

నాకు చీటీ ఉంది.
డాక్టరమ్మ రాసింది, మడతల దగ్గర చిరిగింది.
"పెరిజాత్, తొమ్మిదో తరగతి.
పరుగు వద్దు, గెంతు వద్దు, తాడు వద్దు."
ఏం కావాలో మాత్రం రాయలేదు.
అందుకని బల్ల మీద కూర్చుని
అందరి కోట్లకూ కాపలా కాస్తాను.
తడి ఉన్ని వాసన, గొర్రెతోలు వాసన.
ఉర్మాత్ జేబులో ఎప్పుడూ ఎండుపెరుగు ఉండలు మూడుంటాయి.
ఒకసారి రెండే ఉన్నాయి. నేనే తిన్నాను.

గది నడుమ తోలు మేక.
నాలుగు ఇనుప కాళ్ళు, తల లేదు, తోక లేదు,
పొట్ట పగిలి లోపలి పీచు కనబడుతుంది.
మేకపోతు గాంభీర్యం అంటే దీన్ని చూసే అని ఉంటారు.
పొద్దున్నే మంచులో గుర్రమెక్కి బడికొచ్చే ఉర్మాత్
దీని ముందుకొచ్చేసరికి బిక్కచచ్చిపోతాడు.
"అది కదలదు సార్," అంటాడు.
"కదిలేదైతే ఎలాగోలా పట్టుకుందును."

తొలొగోన్ సారు ఈల ఊదితే
పిలుపులా రాదు, దగ్గులా వస్తుంది.
అందులోని గింజ ఎప్పుడో అరిగిపోయింది.
ఒకనాడు నా ముందు నిలబడి, చీటీ వైపు చూడకుండానే
స్టాప్‌వాచ్ తీసి నా మెడలో వేశాడు.
"ఊరికే కూర్చుంటే ఒళ్ళు తుప్పు పడుతుంది, రాయి."

అప్పట్నుంచి నాడి నా పని.
రెండు వేళ్ళు, దవడ కింద, మెడ పక్కన.
బొటనవేలు పెట్టకూడదు,
దానికి సొంత నాడి ఉంది, అబద్ధం చెబుతుంది.
పది సెకన్లు. ఆరుతో హెచ్చవేయాలి.
బురుల్, నూట అరవై రెండు.
సాంజార్, నూట యాభై.
ఉర్మాత్ ఇంకా అడుగైనా వెయ్యలేదు, నూట ఎనభై.
పక్కన "భయం" అని రాసి, కొట్టేశాను.

ఒక్కసారీ ఆడలేదు గానీ
పద్దెనిమిది మంది గుండెలు నాకు తెలుసు.
ఒకరిది రాళ్ళమీద గిట్టల చప్పుడు,
ఒకరిది తోలుతిత్తిలో గుర్రప్పాలు చిలికే కర్ర.
నాది రాత్రి పడుకుని వింటాను.
అది మెట్లు దిగుతూ దిగుతూ
ఒక మెట్టు మరిచిపోతుంది.

ఫిబ్రవరిలో ఒక మంగళవారం
సారు తనే తాడెక్కి చూపించాడు.
యాభై ఎనిమిదేళ్ళ మనిషి, పైదాకా!
దూలాన్ని అరచేత్తో చరిచి
దుమ్ముతోపాటు దిగాడు.
అందరూ చప్పట్లు.
నా ముందుకొచ్చి, నవ్వుతూ మెడ వంచాడు.
"ముసలి గుర్రానిదెంతో చూడు."

ఒకటి, రెండు, మూడు,
లేదు.
నాలుగు, ఐదు,
లేదు.
ఆ ఖాళీ నాకు తెలుసు.
నా చీటీ అడుగున డాక్టరమ్మ
ఎవరికీ అర్థంకాని అక్షరాల్లో రాసింది ఆ ఖాళీనే.

"ఎంత?"
నవ్వు మొహం మీదే ఉంది గానీ
దాని వెనకనుంచి మనిషి తప్పుకున్నాడు.
"ఆరుతో హెచ్చవేస్తే
లెక్క కుదరడం లేదు సార్."

ఏమీ అనలేదు.
కోట్లు కాస్త పక్కకు జరిపి
మొదటిసారి నా బల్ల మీద కూర్చున్నాడు.
ఈల తీసి నా చేతిలో పెట్టాడు.

మేక ముందు ఉర్మాత్ కాళ్ళు మార్చుకుంటున్నాడు.
ఎంత గట్టిగా ఊదాలో నాకు తెలియదు.
ఊదాను, దగ్గొచ్చింది.
వాడు పరుగెత్తాడు.

తోలు మీద రెండు చేతులూ పడిన చప్పుడు వినబడింది.
కాళ్ళ చప్పుడు కోసం
సారూ నేనూ
ఇద్దరం లెక్కపెడుతున్నాం.