గుర్తించినవారు

కుహ్మో అడవిలో సెప్టెంబరు తొమ్మిది.
హిల్ప్పా మోకాళ్ళ మీద ఉంది, పక్కన నేను.
నలభయ్యేళ్ళు రోడ్డు చదునుచేసే బండి నడిపిన మనిషి,
ఇప్పుడు భూతద్దం తాడుకి కట్టి మెడలో వేసుకుని
అడవి నేలని అంగుళం అంగుళం చదువుతోంది.

మన నోట ఉన్నవి రెండే మాటలు, నాచు, పాచి.
రెండూ కాలు జారడానికే.
ఇక్కడ కాలు జారదు, దిగబడుతుంది,
చప్పుడు లేకుండా.

"ఇదేంటో చెప్పు," అంది.
ఎర్రటి కాడ. ఈకలా చీలిన రెమ్మ.
రాత్రి చదివిందే కదా అని
"అంతస్తుల నాచు" అన్నాను గబుక్కున.
హిల్ప్పా నవ్వలేదు.
"ఎర్ర కాడ రెంటికీ ఉంటుంది. ఇది గోడ నాచు.
మా నాన్న దుంగకీ దుంగకీ మధ్య కూరింది ఇదే.
మంచం పక్క గోడలోంచి పీకి పీకి
దెబ్బలు తినేదాన్ని. నా వేళ్ళకి తెలుసు."

స్ప్రూస్ నీడలో కుళ్ళిన మొద్దు.
మళ్ళీ వంగాను.
అద్దం కంటికి ఆనించి మొక్కని దగ్గరికి తేవాలట,
అద్దాన్ని మొక్క దగ్గరికి కాదు.
ఊపిరి తగిలి మసకబారింది. తుడిచాను.
అప్పుడు కనిపించింది,
కాడ పొడుగునా సన్నటి పచ్చ నూగు,
నిరుటి ఈక వీపు మీంచి
లేచి నిలబడ్డ ఈ యేటి ఈక.

"మెట్లు లెక్కపెట్టు."
ఈ యేటిది ఇంకా పూర్తిగా విప్పుకోలేదు.
నిరుడు.
అటు నిరుడు, పొట్టి మెట్టు.
"ఆ వేసవి వాన లేదు. మా బావి కూడా ఎండింది."
నాలుగోది గోధుమ రంగు.
ఐదోది వేళ్ళ మధ్యే పొడి అయింది.
"ఆపెయ్. అది మా ఉర్హో పోయిన ఏడు," అని,
వెంటనే, "కాదు, ఆరోది," అని సరిదిద్దుకుంది,
లెక్క తప్పనివ్వని మనిషి.

ఒక్క రెమ్మ చాలంది.
మిగతాదాన్ని అరచేత్తో నిమిరి
దుప్పటిలా సర్దింది.
కాగితం కవరు మీద పెన్సిలుతో రాసింది:
తేదీ. స్ప్రూస్ కింద. మొద్దు ఉత్తరం వైపు. తడి.
"గుర్తించినవారు" అన్నచోట ఆగి
నా పేరు అడిగింది,
ఒక్కో అక్షరం చెప్పించుకుని రాసి
పక్కన చిన్న ప్రశ్నార్థకం పెట్టింది.

"అది నాచుకా, నాకా?" అన్నాను.
అప్పటికే తర్వాతి మొద్దు దగ్గర
మోకాళ్ళ మీద ఉంది.